సంగీత విద్యార్థి – భావప్రకటన

మన కళాశాల వార్షికోత్సవంలో పాటల పోటీకి ఒక ప్రత్యేక స్థానం ఉన్నది. ఒకే వేదికపై ఒక విద్యార్థి ఉర్దూ గజల్ పాడతాడు. ఆ వెంటనే మరొక విద్యార్థిని తెలుగు కీర్తన గాని, లలితగీతం గాని, పద్యం గాని ఆలపిస్తుంది. రెండు భాషల సంపద ఒకే ప్రాంగణంలో వినిపించే ఈ అదృష్టం అన్ని కళాశాలలకు లేదు. అయినప్పటికీ పోటీ ముగిసి సభ చెదిరిన తరువాత, "పాట బాగానే ఉన్నది గాని మనస్సుకు పట్టలేదు" అని పెద్దలు తమలో తాము అనుకొనడం మేము పలుమార్లు విన్నాము. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు, గొంతు కూడా ఇంపుగానే ఉన్నది. మరి లోపించినది ఏమిటి? దానిని విద్యార్థి దశలోనే సాధించుకొనే మార్గమేమైనా ఉన్నదా? ఈ విషయాన్ని విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కార్యవర్గ పెద్దల ముందు విచారణకు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా అనుభవం ఒకటి

ఇతరుల లోపం ఎంచడానికి ముందు మా లోపం చెప్పుకొనడం న్యాయం. మేము విద్యార్థులుగా ఉన్న కాలంలో నలుగురం కలిసి ఒక పోటీలో గజల్ పాడినాము. మాలో ఇద్దరికి ఉర్దూ రాదు. క్యాసెట్టు పెట్టుకొని, మాటలను తెలుగు లిపిలో వ్రాసుకొని, గాయకుడు తీసిన ప్రతి తానునూ, ప్రతి మలుపునూ కంఠస్థం చేసినాము. సభలో మంచి మెప్పు వచ్చినది. దిగి వస్తుండగా ముందు వరుసలో కూర్చున్న ఒక వృద్ధుడు మమ్ములను పిలిచి, ఎంతో ఆదరంగా, "బిడ్డలారా, రెండవ షేర్ అర్థం చెప్పండి" అని అడిగినాడు. మేము ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నాము. ఆ షేర్‌లో ఒక మనిషి తన ఇల్లు కూలిపోయిన సంగతి చెప్పుకొంటున్నాడట! మేము దానిని చిరునవ్వుతో, చిటికెలు వేస్తూ పాడినాము.

ఆయన మమ్ములను కోపగించలేదు. "మీ గొంతులో దోషం లేదు. ఆ మాట ఇంకా మీ ఇంటికి రాలేదు, అంతే" అన్నాడు. బహుమతి కంటె ఆ మాటే మాకు ఎక్కువ కాలం జ్ఞాపకం ఉన్నది. ఈ వ్యాసంలో మేము చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

భావం పైపూత కాదు

చాలామంది విద్యార్థులు భావాన్ని చివర వేసే మెరుగుగా తలుస్తారు. మొదట స్వరాలు, తరువాత తాళం, ఆ తరువాత గమకాలు, తానులు. అన్నీ వచ్చిన పిమ్మట కొంచెం కన్నులు మూసి, చేయి చాచి పాడితే అదే భావమని వారి నమ్మకం. ఇది పొరపాటు. మన శాస్త్రకారులు సంగీతాన్ని ఆ విధంగా విడదీయలేదు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆశ్రయంలో ఉండి 'సంగీత రత్నాకరం' వ్రాసిన శార్ఙ్గదేవుడు పాటలోని మాటను 'మాతువు' అనీ, స్వరరూపాన్ని 'ధాతువు' అనీ పేర్కొని, రెండింటినీ కూర్చగలిగినవానినే వాగ్గేయకారుడు అన్నాడు. వాక్కు, గేయం రెండూ ఒకే పదంలో కలిసి ఉన్నవి. కూర్చేవానికి వర్తించే ఈ నియమం పాడేవానికి వర్తించకుండా ఎట్లు ఉంటుంది?

అంతకు చాలా పూర్వమే భరతుని నాట్యశాస్త్రం 'కాకువు' అనే విషయాన్ని చర్చించినది. మాట మారకుండా, పలికే ధ్వనిని బట్టి అర్థం మారడమే కాకువు. దీనికి శాస్త్రజ్ఞానం అవసరం లేదు. ఇంటిలో ప్రతిదినం వినేదే. "వచ్చినావా" అనే ఒక్క మాట చూడండి. చాలాకాలానికి వచ్చిన కుమారుని చూచి తల్లి అంటే అది ఆనందం. ఆలస్యంగా వచ్చిన విద్యార్థిని చూచి గురువు అంటే అది మందలింపు. అప్పు తీర్చమని వచ్చినవానిని చూచి గృహస్థు అంటే అది దిగులు. అక్షరాలు అవే, హెచ్చుతగ్గులు, వేగం, ఊనిక, మాటకు ముందు వెనుకల మౌనం మాత్రమే మారినవి. మాటలాడేటప్పుడు ఇంత సహజంగా చేసే పనిని పాడేటప్పుడు మనం మరచిపోతున్నాము. స్వరం మీద ఉన్న భయం మాటను మింగివేస్తున్నది.

ఒకే పాదం – అనేక భావాలు

మరి ఈ శక్తిని అభివృద్ధి చేసుకొనడం ఎట్లు? మన దేశపు గాన సంప్రదాయాలను పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. భాష వేరు, మతం వేరు, సభ వేరు. కాని భావాన్ని పండించడానికి అందరూ అనుసరించిన ఉపాయం ఒక్కటే. ఒకే పాదాన్ని విడువకుండా పలుమార్లు పాడడమే ఆ ఉపాయం.

కర్ణాటక సంగీతంలో త్యాగరాజస్వామి (1767–1847) సంగతులను విశేషంగా పెంపొందించినవారుగా ప్రసిద్ధులు. పల్లవి పాదం మొదట సాదాగా వస్తుంది. రెండవసారి ఒక చోట చిన్న మార్పు. మూడవసారి మరికొంత విస్తారం. మెట్టు మెట్టుగా ఆ పాదం పెరుగుతుంది. ఇది కేవలం గొంతు కసరత్తు కాదు. ప్రార్థించేవాడు ఒక మాటను మొదట మెల్లగా అని, వినిపించుకొనలేదేమో అన్నట్లు తిరిగి గట్టిగా అని, చివరకు ఆపుకొనలేక అనడంలోని క్రమమే సంగతులలోని క్రమం. అట్లే నెరవల్ అనే ప్రక్రియలో ఒక పాదాన్ని తీసుకొని, అక్షరాలు తాళంలో తమ తమ స్థానాలను తప్పకుండా, రాగాన్ని మాత్రం కొత్త కొత్తగా నింపుతారు. ఇక క్షేత్రయ్య పదాన్ని అభినయించే నర్తకి, గాయకులు ఒకే పాదాన్ని తిరిగి తిరిగి పాడుతుండగా, ప్రతిసారి ఒక కొత్త సంచారిని చూపుతుంది.

హిందూస్థానీ సంగీతంలో ఠుమ్రీ పాడేవారు చేసే 'బోల్ బనావ్' ఇదే. ఒక మాటను పట్టుకొని దానిలోని అలకను, వేడుకోలును, ఎత్తిపొడుపును వేరువేరు స్వరాలతో చూపుతారు. గజల్‌లో ఒక్కొక్క షేర్‌కు రెండు మిస్రాలు మాత్రమే. గాయకుడు మొదటి మిస్రాను రెండు మూడు మార్లు పాడి శ్రోతను నిరీక్షింపజేసి, ఆ తరువాతనే రెండవ మిస్రాను విప్పుతాడు. ముషాయిరాలో ఈ పనిని శ్రోతలే చేస్తారు. కవి మొదటి మిస్రా చదవగానే సభికులు దానిని అందుకొని తిరిగి అంటారు. దీనినే 'మిస్రా ఉఠానా' అంటారు. గజల్ నిర్మాణంలో కూడా ఈ రహస్యం ఉన్నది. 'రదీఫ్' అనే మాట ప్రతి షేర్ చివర మార్పు లేకుండా తిరిగి వస్తుంది. కాని ముందున్న భావాన్ని బట్టి అదే మాట ప్రతిసారి మరొక విధంగా ధ్వనిస్తుంది.

ఇందుకు మన వరంగల్లు పరిసరాలలోనే ప్రత్యక్ష నిదర్శనాలు ఉన్నవి. కాజీపేటలో హజ్రత్ అఫ్జల్ బియాబానీ దర్గా ఉర్సు సమయంలో ఖవ్వాలీ వినవచ్చు. ఏ పాదం వద్ద శ్రోత హృదయం కదిలినదో ఖవ్వాలు గ్రహించి, ఆ పాదాన్ని విడువకుండా తిరిగి తిరిగి పాడతారు. ఈ పునరుక్తికి 'తక్రార్' అని పేరు. సంక్రాంతి సమయంలో ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్ళినవారికి ఒగ్గుకథ పరిచితమే. ప్రధాన కథకుడు ఒక మాట అంటాడు. వంత పాడేవారు దానిని అందుకొంటారు. డోలు ఊపు పెరిగేకొద్దీ అదే మాట ఏడుపు నుండి ఆవేశానికి మారుతుంది. ఒగ్గుకథను దేశవ్యాప్తంగా పరిచయం చేసిన చుక్క సత్తయ్య (1935–2017) జనగామ ప్రాంతంవారే. తంజావూరు సంగీత విద్వాంసునికి, కాజీపేట ఉర్సులో పాడే ఖవ్వాలుకు, ఐనవోలు ఒగ్గు కళాకారునికి పరస్పర పరిచయం లేకపోవచ్చు. అయినా ముగ్గురూ ఒకే పాఠం చెబుతున్నారు. పది పాటలు పైపైన నేర్చుట కంటె ఒక్క పాదం వద్ద ఎక్కువ సేపు నిలిచి ఉండుట మేలు.

పదం తెలియక భావం రాదు

ఒక పాదం వద్ద నిలవాలంటే ముందు ఆ పాదం అర్థం కావాలి. అర్థానికి ముందు ఉచ్చారణ, పదవిభాగం కుదరాలి. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు" అనే సామెత అందరికీ తెలిసినదే. దీనినే ఒక వరుసలో కూర్చి, ఊపిరి చాలక 'వానరా' అని ఆపి, 'కడ' అని తరువాత అందుకొంటే ఏమవుతుంది? వాన పోయి కోతి వచ్చినది! సభలో నవ్వు రాకపోతే అది శ్రోతల మర్యాద మాత్రమే. ఇట్టి విరుపులు మన పోటీలలో ప్రతి సంవత్సరం వినిపిస్తూనే ఉన్నవి. తాళానికి లోబడి మాటను విరవవలసి వచ్చినప్పుడు కూడా అర్థం చెడని చోటు చూచుకొనడం గాయకుని బాధ్యత.

రెండు భాషల విద్యార్థులకు ఇందులో వేరువేరు చిక్కులు ఉన్నవి. తెలుగు లిపిలో 'జలీల్' అని వ్రాసుకొన్న ఉర్దూ మాటను తీసుకొందాము. జీమ్ అక్షరంతో మొదలయ్యే జలీల్ అంటే ఘనుడు, మహిమ గలవాడు. జాల్ అక్షరంతో మొదలయ్యేది మరొకటి. ఆంగ్లంలోని జడ్ అక్షరపు ధ్వనితో పలికే ఆ మాటకు అర్థం నీచుడు, అవమానితుడు. తెలుగు లిపిలో రెండూ ఒక్కటే. భేదం తెలియని తెలుగు విద్యార్థి స్తుతిని నిందగా పాడే ప్రమాదం ఉన్నది. ఇటువైపు చూస్తే, ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థికి తెలుగులోని 'ళ' కారం కష్టం. 'కళ' అనవలసిన చోట 'కల' అంటే అర్థం ఎంత దూరం పోవునో చెప్పనక్కరలేదు. కళ కల కాకుండా చూచుకొనడం కళాశాల విద్యార్థి ధర్మం.

ఈ చిక్కులకు పరిష్కారం మన కళాశాలలోనే, పక్క బల్లమీదనే కూర్చుని ఉన్నది. ఉర్దూ విద్యార్థి తన తెలుగు మిత్రునికి రెండు 'జ' ల భేదం అయిదు నిమిషాలలో నేర్పగలడు. తెలుగు విద్యార్థి 'ల', 'ళ' ల భేదం అంతే సులభంగా నేర్పగలడు. పెద్ద పెద్ద నగరాల సంగీత విద్యార్థులు వెదికినా దొరకని ఈ సౌకర్యాన్ని మనం ఎంతవరకు వినియోగించుకొంటున్నాము?

మన ప్రాంతపు పెద్దలు దీనిని వినియోగించుకొన్నారు. నాటి వరంగల్లు జిల్లాలోనిది, నేడు మహబూబాబాదు జిల్లాలో చేరినది అయిన చినగూడూరులో 1925లో జన్మించిన దాశరథి కృష్ణమాచార్య, మీర్జా గాలిబు (1797–1869) కవితను తెలుగు పద్యాలలోకి తెచ్చి 1961లో 'గాలిబ్ గీతాలు' ప్రకటించినారు. తెలుగు గజల్‌కు తొలి బాట వేసినవారిలోనూ ఆయన ముఖ్యులు. 1931లో నాటి కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో జన్మించిన సి. నారాయణరెడ్డి చదువు ఉర్దూ మాధ్యమంలో సాగినది. తరువాత ఆయన తెలుగులో గజళ్ళు వ్రాసి, స్వయంగా సభలలో పాడి వినిపించినారు. ఒక భాషలోని భావాన్ని తమ ఇంటికి తెచ్చుకొని, అక్కడ కుదురుకొన్న తరువాతనే వారు దానిని మరొక భాషలో పలికినారు. ఆ వృద్ధుడు మాతో అన్న మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు కనిపించలేదు.

వాద్యం అభ్యసించే విద్యార్థులు ఈ చర్చ తమకు వర్తించదని అనుకొనరాదు. వీణపై కృతి వాయించేవారు సాహిత్యాక్షరాలను అనుసరించి మీటు వేస్తారు. వేణువు ఊదేవారు మాట ఎక్కడ ముగియునో తెలిసి ఊపిరి తీసుకొంటారు. పదం వినిపించకపోయినా పదం తెలిసినవాని వాదనం వేరుగానే ఉంటుంది.

అనుకరణ ఎంతవరకు?

మేము క్యాసెట్టు నుండి నేర్చుకొన్నాము. నేటి విద్యార్థి సెల్‌ఫోను నుండి నేర్చుకొంటున్నాడు. సాధనం మారినది గాని సమస్య మారలేదు. గొప్ప గాయకులను అనుకరించడం తప్పా? కానే కాదు. పిల్లవాడు మాటలు నేర్చుకొనేది అనుకరణ చేతనే. అయితే అనుకరణలో రెండు విధాలు ఉన్నవి. పైధ్వనిని పట్టుకొనడం ఒకటి. ఆ ధ్వని ఎందుకు అట్లు వచ్చినదో వినడం రెండవది.

మన వరంగల్లు ముద్దుబిడ్డ, ధ్వన్యనుకరణ కళకు గౌరవం తెచ్చిన నేరెళ్ల వేణుమాధవ్ (1932–2018) ను ఇక్కడ స్మరించుకొనాలి. అనుకరణనే జీవితకళగా చేసుకొన్న ఆయనకు 2001లో పద్మశ్రీ లభించినది. ఒక మనిషి గొంతును పలికించాలంటే అతని స్వరస్థాయి ఒక్కటే చాలదు. అతడు ఏ మాటకు ముందు ఆగుతాడు, ఏ అక్షరాన్ని నొక్కుతాడు, కోపంలో ఊపిరి ఎట్లు తీస్తాడు అన్నది వినాలి. ధ్వన్యనుకరణ నోటి విద్యగా కనిపించే చెవి విద్య. సంగీత విద్యార్థి నుండి కోరవలసినది కూడా ఈ చెవినే. గొప్ప గాయకుడు ఒక చోట తాను తీసినాడంటే, "నేనూ తీయగలనా" అని కాక, "ఈ మాట వద్దనే ఎందుకు తీసినాడు" అని ప్రశ్నించుకొన్న నాడు అనుకరణ అధ్యయనం అవుతుంది.

స్వరలిపి చూచి నేర్చేవారికి మరొక దృష్టాంతం చెబుతాము. కాకతీయ గణపతిదేవుని గజసేనాధిపతి జాయపసేనాని 13వ శతాబ్దంలో 'నృత్త రత్నావళి' రచించినాడు. ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథంలో మొదటి నాలుగు మార్గ పద్ధతికి, తరువాతి నాలుగు దేశి పద్ధతికి కేటాయింపబడినవి. అదే కాలపు రామప్ప దేవాలయం నేటి ములుగు జిల్లా పాలంపేటలో ఉన్నది. 1213 నాటి ఆ ఆలయాన్ని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించినది. డాక్టర్ నటరాజ రామకృష్ణ (1923–2011) ఈ గ్రంథాన్ని, ఆ శిల్పాలను ఆధారం చేసుకొని పేరిణి శివతాండవాన్ని పునరుద్ధరించినారు. అయితే శిల్పం ఒక భంగిమను మాత్రమే చూపుతుంది. ఒక భంగిమ నుండి మరొక భంగిమకు దేహం ఎట్లు కదిలినదో రాయి చెప్పదు. ఆ కదలికను గ్రంథ పరిశ్రమతో, సాధనతో, తన దేహంలోనే కళాకారుడు వెదుక్కొనాలి. స్వరలిపి కూడా అట్టి శిల్పమే. ఏ స్వరం తరువాత ఏ స్వరమో అది చెబుతుంది. ఒక స్వరం నుండి మరొక స్వరానికి గొంతు ఏ విధంగా జారవలెనో, ఎంత నిలువవలెనో పూర్తిగా చెప్పజాలదు. భావం నివసించేది ఆ నడుమ చోటులోనే.

గొంతు బాగులేనివారి మాట

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. "నాకు తీయని గొంతు లేదు, నాకు భావమెక్కడిది?" అని కొందరు వెనుకకు తగ్గుతారు. ఎంపికలలో ఒక్క పాదం విని "నీ గొంతు పనికిరాదు" అన్న కారణాన మళ్ళీ జీవితంలో పాడనివారు మా తోటివారిలోనే ఉన్నారు. ఒక తొందరపాటు మాట ఒక మనిషి పాటను శాశ్వతంగా మూసివేయగలదు. బేగం అఖ్తర్ (1914–1974) గొంతు పై స్థాయిలో ఒక్కొక్కప్పుడు చీలినట్లు వినిపించేది. పాఠశాల పోటీలో అయితే దానికి మార్కులు తగ్గించేవారేమో! గజల్ రసికులు ఆ చీలిక కొరకే చెవి ఒగ్గి కూర్చునేవారు. బళ్ళారి రాఘవ (1880–1946) రంగస్థలంపై పద్యాన్ని రాగాలతో సాగదీసే పద్ధతిని అంగీకరించక, పాత్ర మనస్సుకే ప్రాధాన్యమిచ్చి ఆంధ్ర నాటకరంగంలో అగ్రస్థానం పొందినారు. గాత్రమాధుర్యం వరమే, కాని దానితోనే కళ పూర్తి కాదు, అది లేనంత మాత్రాన కళ నశించదు.

అభ్యాస క్రమం

భావం పుట్టుకతో రావలసినదే గాని నేర్పితే రాదని కొందరి వాదం. అనుభూతి నేర్పరానిది కావచ్చును. దానిని వెలువరించే దారి మాత్రం నేర్చుకొనదగినదే. సరళి, జంట స్వరాలు, అలంకారాలు, పల్టాలు ప్రతిదినం సాధన చేయడం తప్పనిసరి. శ్రుతి నిలువని గొంతులో భావం నిలువదు. ఆ సాధనతో పాటు ఈ క్రింది క్రమాన్ని పాటించవలసినదిగా మా సూచన.

మొదటిది, పాటను రాగం లేకుండా చదవాలి. ఉర్దూవారు దీనిని 'తహతుల్ లఫ్జ్' అంటారు. రాగంతో చదివితే 'తరన్నుమ్'. తహత్‌లో అర్థం పలికించలేనివాడు తరన్నుమ్‌లో పలికించలేడు.

రెండవది, పాట అర్థాన్ని స్వంత మాటలలో నాలుగు వాక్యాలు వ్రాయాలి. ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో ఈ మాట అంటున్నారు? ఈ ప్రశ్నకు జవాబు దొరకనిదే గొంతు విప్పరాదు.

మూడవది, పదవిభాగం చేసి, ఊపిరి తీసుకొనవలసిన చోట పెన్సిలుతో గీత గీయాలి.

నాల్గవది, మనస్సుకు పట్టిన ఒక్క పాదాన్ని ఎన్నుకొని పది మార్లు పాడాలి. ప్రతిసారి ఒక్కటే మార్పు చేయాలి. ఒకసారి వేగం, ఒకసారి ఊనిక, ఒకసారి ధ్వని బలం, ఒకసారి మాటకు ముందు చిన్న మౌనం. ఏ మార్పుతో అర్థం వెలిగినదో, దేనితో చెడినదో గమనించాలి.

అయిదవది, సెల్‌ఫోనులో తన పాటను ముద్రించి, వెంటనే కాక మరునాడు వినాలి. పాడేటప్పుడు మనం మన ఉద్దేశాన్ని వింటాము. మరునాడు మన పాటను వింటాము.

ఆరవది, అన్నింటి కంటె కష్టమైనది. ఎక్కువైనదానిని తీసివేయాలి. మనకు ఎంతో ఇష్టమైన తాను అయినా, ఆ మాటకు పనికిరాకపోతే విడిచిపెట్టాలి. శిల్పి రాయి నుండి తొలగించినట్లే గాయకుడు పాట నుండి తొలగించడం నేర్చుకొనాలి.

కళాశాల చేయదగిన పనులు

కార్యవర్గ పెద్దలకు మా మనవులు కొన్ని ఉన్నవి. ఇందులో వేనికీ పెద్ద వ్యయం అవసరం లేదు. పాటల పోటీలో పాడబోయే ముందు ప్రతి విద్యార్థి పాట భావాన్ని ఒక నిమిషం తన మాటలలో చెప్పాలనే నియమం పెట్టవచ్చు. మార్కులలో కొంత భాగం ఉచ్చారణకు, పదవిభాగానికి కేటాయించవచ్చు. ఒక ఉర్దూ విద్యార్థి, ఒక తెలుగు విద్యార్థి జంటగా చేరి, ఒకరి భాషలోని పాటను మరొకరు పాడే ప్రత్యేక అంశాన్ని చేర్చవచ్చు. నెలకొకసారి ఒక గంట 'శ్రవణ గోష్ఠి' జరపవచ్చు. దానిలో ఎవరూ పాడనక్కరలేదు. ఒకే పాటను ముగ్గురు గాయకుల గొంతులలో విని భేదాన్ని చర్చిస్తే చాలును. నగరంలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల అధ్యాపకులను, ఉర్దూ కవులను, ఒగ్గు కళాకారులను ఆహ్వానించి విద్యార్థులతో మాట్లాడించవచ్చు. ముఖ్యంగా, ఎంపికలలో ఏ విద్యార్థినీ ఒక్క పాదం విని పంపివేయరాదు.

ఇందువల్ల కళాశాలకు బహుమతులు ఎన్ని వచ్చునో మేము చెప్పలేము. అయితే ఒక లాభం నిశ్చయం. ఎదుటివాని భాషలోని దుఃఖాన్ని, ఆనందాన్ని అర్థం చేసుకొని, దానిని చెడకుండా తన గొంతులో పలికించడానికి ప్రయత్నించిన విద్యార్థి, ఆ ఎదుటివానిని ఇక పరాయివానిగా చూడలేడు. సంగీత విద్యలో మార్కులకు అందని ఫలం ఇదే.

విద్యార్థి మిత్రులారా! వచ్చే వార్షికోత్సవానికి మీరు పది పాటలు సిద్ధం చేయనక్కరలేదు. ఒక్క పాటను, అందులో ఒక్క పాదాన్ని మీ ఇంటికి పిలుచుకొనండి. దానితో కొన్ని దినాలు గడపండి. ఆనాడు మేము చెప్పలేకపోయిన జవాబును, ముందు వరుసలోని ఏ పెద్ద మనిషి అడిగినా మీరు తడుముకొనకుండా చెప్పగలుగుతారు. అసలు ఆయనకు అడుగవలసిన అవసరమే కలుగకుండా పాడగలిగితే, మా కోరిక నెరవేరినట్లే.